అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోని రిజిస్ట్రీ ఎంట్రీలను సేఫ్‌గా తీసేయడం ఎలా?

ప్రోగ్రామ్ అన్‌ఇన్‌స్టాల్ చేశారు, రీస్టార్ట్ కూడా చేశారు. అయినా యాప్స్ లిస్ట్‌లో దాని పేరు అలాగే ఉంది. మళ్లీ అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ఎర్రర్. పోనీ కొత్త వెర్షన్ వేద్దామంటే, పాతది ఇంకా ఉంది, ముందు దాన్ని తీసేయమంటుంది. ఫ్రెండ్స్ ల్యాప్‌టాప్‌లలో నేను తరచూ చూసే సమస్య ఇది. చాలాసార్లు కారణం రిజిస్ట్రీలో మిగిలిపోయిన ఎంట్రీలే. వాటిని ఎలా తీయాలో, అంతకంటే ముఖ్యంగా ఏవి ముట్టుకోకూడదో ఇప్పుడు చూద్దాం.

ముందు ఒక అపోహ

రిజిస్ట్రీ అంటే విండోస్, మనం వేసుకున్న ప్రోగ్రామ్స్ తమ సెట్టింగ్స్ దాచుకునే డేటాబేస్. విండోస్ దాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవదు, కావాల్సిన కీ దగ్గరికి నేరుగా వెళ్తుంది. కాబట్టి ఎక్కడో నాలుగు పాత కీలు పడి ఉన్నంత మాత్రాన పీసీ స్లో అవ్వదు. స్పీడ్ పెరుగుతుందని రిజిస్ట్రీ క్లీనర్ వాడటం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే. ఇలాంటి క్లీనర్లను తాము సపోర్ట్ చేయమని మైక్రోసాఫ్టే చెబుతోంది. పైన చెప్పినట్టు కళ్లకు కనిపించే ఇబ్బంది ఉంటేనే రిజిస్ట్రీలో చెయ్యి పెట్టండి.

1. బ్యాకప్

రిజిస్ట్రీ ఎడిటర్‌లో అన్‌డూ లేదు. డిలీట్ కొడితే అంతే. ఇంకో విషయం, విండోస్ 10 1803 వెర్షన్ నుంచి రెగ్‌బ్యాక్ ఫోల్డర్‌లోకి ఆటోమేటిక్‌గా బ్యాకప్ తీయడం కూడా ఆగిపోయింది. అందుకే ముందు స్టార్ట్ మెనూలో "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని వెతికి ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. తర్వాత, తీసేయబోయే ప్రతి కీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టండి. ఆ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే కీ తిరిగి వస్తుంది. అయితే అందులో డేటా మాత్రమే ఉంటుంది, పర్మిషన్లు సేవ్ అవ్వవు.

2. చేత్తో తీసే ముందు

ఆ ప్రోగ్రామ్ కంపెనీ రిమూవల్ టూల్ ఇస్తుందేమో చూడండి. యాంటీవైరస్‌లకు చాలావరకు ఉంటుంది. లేదంటే మైక్రోసాఫ్ట్ వారి "ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్" ట్రబుల్‌షూటర్ నడపండి. పాడైన అన్‌ఇన్‌స్టాల్ కీలను సరిచేయడం దాని పనే.

3. కీ ఎక్కడుంది?

విండోస్ + ఆర్ నొక్కి, రెజ్‌ఎడిట్ ఓపెన్ చేసి ఈ దారిలో వెళ్లండి:

హెచ్‌కీ లోకల్ మెషిన్ > సాఫ్ట్‌వేర్ > మైక్రోసాఫ్ట్ > విండోస్ > కరెంట్ వెర్షన్ > అన్‌ఇన్‌స్టాల్

అక్కడ దొరక్కపోతే, 32 బిట్ ప్రోగ్రామ్స్ కోసం సాఫ్ట్‌వేర్ కింద ఉన్న వావ్6432నోడ్ లోపల ఇదే దారి చూడండి. మీ ఒక్క యూజర్‌కే వేసుకున్నవి హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద ఉంటాయి. కొన్ని కీలకు పేరు బదులు బ్రాకెట్లలో పొడవాటి నంబర్ కనిపిస్తుంది. కంగారు పడకండి, క్లిక్ చేసి కుడివైపు "డిస్‌ప్లే నేమ్" చూస్తే అది ఏ ప్రోగ్రామో తెలుస్తుంది. పేరు కచ్చితంగా సరిపోయిన ఆ ఒక్క కీనే తీసేయండి. పైనున్న అన్‌ఇన్‌స్టాల్ ఫోల్డర్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

4. "డిలీట్ చేయలేం" అంటే

కీ మీద రైట్ క్లిక్ > పర్మిషన్స్ > అడ్వాన్స్‌డ్‌కి వెళ్లండి. ఓనర్ పక్కన ఛేంజ్ నొక్కి అడ్మినిస్ట్రేటర్స్ అని ఇవ్వండి. సబ్ కీలకు కూడా వర్తించేలా కింద టిక్ పెట్టి అప్లై చేయండి. తర్వాత అదే గ్రూప్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చి డిలీట్ చేయండి. ఇది మీరు వేసుకున్న ప్రోగ్రామ్ కీల వరకే. ఓనర్‌గా ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ కనిపిస్తే ఆగిపోండి, అది విండోస్ సొంత కీ.

అయినా మొండికేస్తే? ఈ మధ్య మా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఒక యాంటీవైరస్ ట్రయల్ ఇలాగే చేసింది. ఓనర్ మార్చినా ఒప్పుకోలేదు. ఇలాంటివి తమ కీలను ఎవరూ చెరపకుండా డ్రైవర్‌తో కాపలా పెట్టుకుంటాయి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్తే ఆ కాపలా సాధారణంగా లోడ్ అవ్వదు. అక్కడ ఆ కంపెనీ రిమూవల్ టూల్ నడిపితే పని అయిపోయింది.

5. సర్వీసులు, డ్రైవర్లతో జాగ్రత్త

అసలు ప్రమాదం ఇక్కడే. కొన్ని ప్రోగ్రామ్స్ కీబోర్డ్, డిస్క్ లాంటి పరికరాలకు ఫిల్టర్ డ్రైవర్ తగిలిస్తాయి. ఆ డ్రైవర్ పేరు "అప్పర్ ఫిల్టర్స్", "లోయర్ ఫిల్టర్స్" అనే వ్యాల్యూలలో రాసి ఉంటుంది. మీరు సర్వీస్ కీ మాత్రం తీసేసి, అక్కడ పేరు వదిలేశారనుకోండి. విండోస్ లేని డ్రైవర్ కోసం వెతుకుతుంది. అది కీబోర్డ్ ఫిల్టర్ అయితే కీబోర్డ్ పనిచేయదు, డిస్క్‌ది అయితే పీసీ బూటే అవ్వకపోవచ్చు. రిమూవల్ టూల్ ముందు వాడమన్నది ఇందుకే, అది వీటిని వరుసలో తీస్తుంది.

డ్రైవర్ కాని మామూలు సర్వీస్ అయితే, అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "ఎస్‌సీ డిలీట్" అని, పక్కన సర్వీస్ పేరు ఇస్తే చాలు. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్‌లో మాత్రం ఇది కొట్టొద్దు, అక్కడ "ఎస్‌సీ" అంటే పూర్తిగా వేరే కమాండ్.

ఒక్కో కీ తీశాక రీస్టార్ట్ చేసి చూడండి. ఏదైనా తేడా వస్తే ఏ కీ వల్లో వెంటనే తెలుస్తుంది. మొదట వచ్చిన ఇబ్బంది పోయిందా? అయితే రిజిస్ట్రీ ఎడిటర్ మూసేయండి. మిగిలిన పాత కీలు అక్కడే ఉన్నా మీకొచ్చే నష్టం ఏమీ లేదు.