యోగ్యావిధి - నేత్రశస్త్రశిక్షణ: సుశ్రుతుని సాధర్మ్యవిచారము

సుశ్రుతసంహితలోని సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము యోగ్యాసూత్రీయము. ఇచట ‘యోగ్యా’ శబ్దము శస్త్రకర్మాభ్యాసమును తెలుపును. శాస్త్రమంతయు చదివిన శిష్యుడైనను చేతి అభ్యాసము లేనిచో కర్మకు అనర్హుడని అధ్యాయారంభముననే చెప్పబడినది. పిమ్మట ఏ కర్మను దేనిపై అభ్యసింపవలెనో వివరింపబడినది. ఛేదనమునకు గుమ్మడి, సొర, పుచ్చ, దోస కాయలు; భేదనమునకు నీరు, బురద నింపిన తోలు తిత్తులు; లేఖనమునకు రోమములు గల చర్మము; వేధనమునకు మృతపశువుల సిరలు, కలువతూడులు; ఏషణమునకు పురుగు తొలిచిన కొయ్య, వెదురు; సీవనమునకు వస్త్రపు అంచులు, మెత్తని తోలు.

ఈ పట్టికలో కన్ను లేదు. చివర వచ్చు ‘నేత్రప్రణిధానము’ అను మాట పైపైన చూచువారికి కంటిని స్ఫురింపజేయును. కాని అది బస్తికర్మతో కలిసి యున్నది. దానికి చెప్పిన అభ్యాసవస్తువులు నీరు నిండిన కుండ ప్రక్కనున్న రంధ్రము, సొరకాయ ముఖము. కావున ఇచట నేత్రమనగా బస్తియంత్రపు గొట్టమే. శబ్దసామ్యమును నమ్మి ప్రాచీనులు కంటిబొమ్మపై అభ్యసించిరని వ్రాయుట సాహసము.

ఐనను నేత్రశస్త్రము ఆ గ్రంథముననే కలదు. ఉత్తరతంత్రము పదునేడవ అధ్యాయమున శ్లేష్మజలింగనాశమునకు యవముఖశలాకతో వేధనము విధింపబడినది. కుడికంటిని ఎడమచేతితో, ఎడమకంటిని కుడిచేతితో వేధింపవలెను. రెండు చేతులకును నేర్పు కావలెనన్నమాట. దీనికి సమీపమైన అభ్యాసము వేధ్యకర్మయే. కలువతూడును గ్రుచ్చునపుడు పైపొర యెదిరించి లొంగిపోవు క్షణము చేతికి తెలియును. లోపలి దృష్టిమండలమును కదల్చు పాఠము మాత్రము తూడులో లేదు. ఆ కొరత తొలి రోగి కంటిపై పడియుండును.

అధ్యాయాంతమున సుశ్రుతుడు పట్టికను మూసివేయక, ఏ కర్మకు ఎచట సాధర్మ్యము కలదో అచటనే అభ్యసింపుమని వదలెను. ఆధునిక వెట్ ల్యాబును కొలుచుటకు ఈ మాట చాలును. మన దేశమున అచట మేకకన్ను విరివిగా వాడబడును. కబేళా నుండి తెచ్చిన కంటిని పీఠముపై బిగించి, సూక్ష్మదర్శిని క్రింద కోత, కుట్టు నేర్పుదురు. అంతవరకు సాధర్మ్యము బాగుగనే కలదు. కాని లేతమేక కటకము మెత్తన, స్వచ్ఛము; దాని పొర మానవుని పొర కంటె సాగుడు గలది. ముదిరిన శుక్లమును పగులగొట్టు పాఠము అందు రాదు. అందుచే కటకములోనికి ఫార్మలిన్ ఎక్కించియో, మైక్రోవేవ్‌లో వేడిచేసియో గట్టిపరచుదురు. కటకపు పొరను గుండ్రముగా చించుటకు ద్రాక్ష, టమాటా తొక్కలు సైతము ఉపయోగపడును.

ఈ భేదము పలమనేరులో స్పష్టముగా గోచరించును. ఆ ప్రాంతమువారు మట్టిబొమ్మలకు ప్రసిద్ధులు. సుశ్రుతుడు కట్టు కట్టుటకు చెప్పిన ‘పుస్తమయపురుషుడు’ అట్టి లేప్యాది కర్మచే నిర్మితమైన ఆకృతి. కట్టుకు ఆకృతిసామ్యము చాలును, శలాకకు చాలదు. అదే ఊరి మార్కెట్టుకు వచ్చు టమాటాకు కంటి ఆకారములో నిజమైన పోలిక లేకున్నను, చించుటలో పోలిక కలదు. సాధర్మ్యము రూపమున గాక క్రియయందున్నదని ఈ రెండు వస్తువులే తేల్చుచున్నవి.

గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వంటి శిక్షణాలయములలో ల్యాబుతో పాటు కంప్యూటరు అనుకరణ యంత్రములును చేరినవి. ఇవి చేతి వణకును, తప్పిన అంచును లెక్కగట్టి చూపగలవు. కాని వీనిలో కొన్నింట పొర యెదిరింపు చేతికి అందదు. కంటికి మాత్రమే తెలియును. కలువతూడు నేర్పినది ఆ యెదిరింపునే.