కరువు నిధులు - పంచాయతీ సభ్యుల బాధ్యత

వరద వచ్చినపుడు దానిని ఎవరును ప్రకటింప నక్కరలేదు. కరువు అట్లు కాదు. వేరుశనగ పచ్చగా మొలచి, ఊడలు దిగు వేళ వాన మొగము చాటుచేయును. కావున ప్రభుత్వము లెక్కలు చూచియే కరువును ప్రకటింపవలసియున్నది. ఆ లెక్కలలో మన గ్రామపు సంగతి సరిగా లేనిచో సహాయమును సరిగా అందదు.

మడకశిర ప్రాంతమువారికి ఇది క్రొత్త సంగతి కాదు. 2022 వరకు ఈ ప్రాంతము చేరియుండిన అనంతపురము జిల్లాలో సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చుట్టుపట్ల పంట పోయిన యేట మడకశిర అంగళ్లలో బేరములును పోవును. 1876-78 నాటి ధాత కరువు తరువాత 1880లో క్షామ విచారణ సంఘము నివేదిక నీయగా, దానిననుసరించి క్షామ నిబంధనలేర్పడినవి. నాటి సహాయము గంజియు, రోడ్డు కూలియు. నేడు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము క్రింద రాష్ట్రమునకొక ప్రతిస్పందన నిధి కలదు. మన రాష్ట్రమునకు సంబంధించి అందు నూటికి 75 పాళ్లు కేంద్రమును, 25 పాళ్లు రాష్ట్రమును సమకూర్చును. 2023 ఖరీఫునందు రాష్ట్రమున 103 మండలములు కరువు మండలములుగా ప్రకటింపబడగా, 21 శ్రీ సత్యసాయి జిల్లాలోనివి.

2016 నాటి కేంద్ర నియమావళి ప్రకారము మొదట వర్షపాతమును, పిదప విత్తిన విస్తీర్ణము, పైరు స్థితి, నేలలోని తేమ, చెరువులలోను భూగర్భమునను గల నీటిని పరిశీలింతురు. అటుపిమ్మట కొన్ని గ్రామములను ఎంచి పొలములు చూతురు. ప్రకటన మండలమునంతటికి జరుగును. వర్షమాపకమున్నచోట కురిసిన జల్లు మండలపు కొనను గల పల్లెకు చేరకపోవచ్చును. అందుచే పరిశీలకులు వచ్చిన దినమున సభ్యులు వెంట నుండి, ఎండిన చేలను చూపవలెను.

2022-23 నుండి 2025-26 వరకు నిర్ణయింపబడిన కేంద్ర ప్రమాణము ప్రకారము, నూటికి 33 పాళ్లు మించి నష్టపోయిన మెట్ట పైరునకు హెక్టారునకు రూ.8,500, రెండు హెక్టార్ల వరకు. అనగా మెట్ట రైతుకు హెచ్చుపక్షము రూ.17,000. విత్తనపు ఖర్చుతో పోల్చిన ఇది స్వల్పమే. కాని అదియైనను ఈ-పంట నమోదు లేనివానికి చేరుట దుర్లభము.

ఇచ్చటనే కౌలురైతు నష్టపోవుచున్నాడు. దున్నినది అతడు, అప్పు తెచ్చినది అతడు. పుస్తకమున పేరు మాత్రము భూయజమానిది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల పత్రమునకు వీలు కల్పించినది గాని, యజమాని సంతకమును విధించినది. సంతకము చేసినచో భూమి పోవునని పలువురు జంకుదురు. ఆ పత్రము పంటకే గాని భూమికి హక్కు నీయదు. ఈ మాట అధికారి చెప్పిన దానికంటె ఊరి పెద్ద చెప్పినచో నమ్ముదురు.

ఇక రెండవ నిధి. 2021-26 సంవత్సరములకు 15వ ఆర్థిక సంఘము విపత్తు నిధులలో నూటికి 20 పాళ్లు నష్టమును ముందే తగ్గించు పనులకు కేటాయించినది. మిక్కిలి కరువుకు గురియగు 12 రాష్ట్రములకు ప్రత్యేక సహాయమును సూచించినది. వానిలో ఆంధ్రప్రదేశ్ కలదు. చిన్ననీటి వనరులు రాజ్యాంగపు 11వ షెడ్యూలు ననుసరించి పంచాయతీల పరిధికి ఉద్దేశింపబడినవి. అయినను, "మా చెరువు బాగుచేయుడు" అని వ్రాసిన తీర్మానము వలన అంచనా తయారు కాదు. చెరువు సర్వే నంబరు, ఆయకట్టు ఎకరములు, నీరు తెచ్చు వాగు ఎంత దూరము పూడినది, ఎచ్చట ఆక్రమణ జరిగినది వ్రాయవలెను. వేసవిలోనే కొలిచి, గ్రామసభలో చదివి, మండల కార్యాలయమునకు పంపి రసీదు పొందవలెను.