ముందు పడటం నేర్పే విద్య

"పిల్లల ఫీజులకు, పుస్తకాలకు ఇస్తున్నాం, సంతోషమే. కొట్లాట నేర్పే కరాటే, జూడోలకు డబ్బెందుకు?" అని దాతల్లో కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. జూడోను ఉదాహరణగా తీసుకుని సమాధానం చెప్పుకుందాం.

జపాన్‌కు చెందిన విద్యావేత్త జిగోరో కానో 1882లో టోక్యోలో కొద్దిమంది శిష్యులతో జూడో నేర్పడం మొదలుపెట్టారు. శక్తిని వృథా చేయకుండా మంచికి వాడటం, తనతోపాటు ఎదుటివారూ బాగుపడటం అనేవి ఆయన బోధించిన రెండు సూత్రాలు.

జూడోలో మొదటి పాఠం ఎదుటివాణ్ణి పడేయడం కాదు, తాను పడటం. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, అరచేత్తో చాపను చరుస్తూ పడాలి. దీన్ని ఉకెమి అంటారు. రోజూ పదిమంది ముందు పడి లేచే బిడ్డకు, పరీక్షలో ఒకసారి తప్పితే లోకం ముగిసిపోదని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

రెండో పాఠం వదలడం. పట్టు బిగిసినప్పుడు కిందివాడు చేత్తో రెండుసార్లు తడితే, పైవాడు ఆ క్షణమే వదిలేయాలి. తట్టినవాడు తన హద్దును ఒప్పుకోవడం నేర్చుకుంటాడు. వదిలినవాడు ఎదుటివాడి శరీరం తన చేతిలో ఉన్న అమానత్ అని తెలుసుకుంటాడు. కుస్తీలో ఇతరులను పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలవంతుడని దైవప్రవక్త (స) బోధించిన విషయం మనకు తెలిసిందే.

మూడో పాఠం గౌరవం. తలవంచి అభివాదం చేయడంపై మన తల్లిదండ్రుల్లో కొందరికి అభ్యంతరం ఉంటుంది. శిక్షకులతో ముందే మాట్లాడితే, తరగతిలో ఛాతీపై చేయి ఉంచి పలకరించే ఏర్పాటు చేసుకోవచ్చు. రూపం మారవచ్చు, గౌరవం మాత్రం మానకూడదు.

అయితే ఒక హెచ్చరిక. ఈ గుణాలు చాప మీద వాటంతట అవే మొలవవు. దారి తప్పిన కుర్రాళ్లపై అమెరికాలో జరిపి 1986లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గౌరవం, ధ్యానం, నీతిబోధతో కలిపి టైక్వాండో నేర్చుకున్నవారిలో దూకుడు తగ్గింది. అవేవీ లేకుండా పోరాటం మాత్రమే నేర్చుకున్నవారిలో పెరిగింది. విద్య ఒకటే, నేర్పిన తీరు వేరు. కాబట్టి మన డబ్బు ముందుగా చేరాల్సింది మంచి శిక్షకుడికి, పతకాలకు కాదు.

ఆడపిల్లల మాటా మరవకూడదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచారు. ఆ ప్రయాణంలో తొలి అండ కన్నతండ్రే. మన వాడల్లోని ఆడపిల్లలకు మహిళా శిక్షకురాలు, అనువైన వేళలు, ఇంటికి చేర్చే తోడు ఉంటే చాలు, ఎందరో తల్లులు పంపడానికి సిద్ధంగా ఉంటారు.

మీరు ఏదైనా శిక్షణ కేంద్రానికి సాయం చేసే ముందు ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. ఎన్ని కప్పులు గెలిచారని అడగకండి. పెద్ద పిల్లవాడు చిన్నవాడితో తలపడేటప్పుడు తన బలం తగ్గించుకుంటున్నాడా? ఓడినవాడికి చేయందించి లేపుతున్నాడా? తరగతి అయ్యాక చాపలు అందరూ కలిసి తుడుస్తున్నారా? ఈ మూడూ కనిపిస్తే అక్కడ కొట్లాట కాదు, నడవడిక నేర్పుతున్నట్టే. అక్కడ నిశ్చింతగా ఇవ్వండి.

మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక! ఆమీన్.