రేడియేషన్ - థైరాయిడ్ గ్రంథి: మూగజీవాలు నేర్పిన పాఠం

మన శరీరంలో కొన్ని గ్రంథులు హార్మోన్లను తయారుచేసి నేరుగా రక్తంలోకి పంపుతాయి. వీటిని వినాళ గ్రంథులు అంటారు. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ వీటిలో ఒకటి. పశువులకూ ఈ గ్రంథి ఉంటుంది. ఎదుగుదలకు, ఒంట్లో వేడికి, గుండె వేగానికి దీని హార్మోన్ అవసరం.

ఈ హార్మోన్ తయారు కావాలంటే అయోడిన్ కావాలి. అయితే మామూలు అయోడిన్‌కూ, రేడియోధార్మిక అయోడిన్‌కూ తేడా థైరాయిడ్‌కు తెలియదు. రెండింటినీ ఒకేలా పీల్చుకుంటుంది.

చెర్నోబిల్‌లో ఏం జరిగింది?

1986 ఏప్రిల్ 26న, నేటి ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో పేలుడు జరిగింది. రేడియోధార్మిక అయోడిన్ గాలిలో కలిసి పచ్చికపై పడింది. అక్కడికి 6 కి.మీ. దూరంలో, ఒక నదీ ద్వీపంలో ఉండిపోయిన గుర్రాలు థైరాయిడ్ నాశనమై చనిపోయాయి. ఆవులు కొన్ని చనిపోయాయి. బతికినవి ఎదుగుదల లేక గిడసబారాయి. వాటి తర్వాతి తరం మాత్రం మామూలుగానే కనిపించింది.

గడ్డి మేసిన ఆవుల పాల ద్వారా అదే అయోడిన్ పిల్లలకూ చేరింది. తర్వాతి సంవత్సరాల్లో వేలాది మందికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఈ అయోడిన్ శక్తి 8 రోజులకోసారి సగానికి తగ్గుతుంది. కొన్ని వారాలు ఆ పాలు మానిపించి ఉంటే ఎందరికో ముప్పు తప్పేది.

మన రోగుల సంగతి

ఆసుపత్రిలో రేడియేషన్‌ను కొలిచి, అవసరమైన చోటికే ఇస్తారు. కాబట్టి చికిత్స మానకండి. అయితే గొంతు, మెడ భాగంలో రేడియేషన్ (కరెంటు) పెట్టినప్పుడు దగ్గరలోని థైరాయిడ్‌కూ కొంత తగులుతుంది. నెలలకో, ఏళ్లకో అది మందగించవచ్చు.

ఈ లక్షణాలు గమనించండి:
- ఎప్పుడూ నీరసం, మగత
- తిండి పెరగకపోయినా బరువు పెరగడం
- చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం
- చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం
- పిల్లలు ఎత్తు పెరగకపోవడం

వీటిని "చికిత్స వల్ల వచ్చిన నీరసంలే" అని వదిలేయకండి. లక్షణాలు లేకపోయినా 6 నుంచి 12 నెలలకోసారి టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష చేయించండి. లోపం ఉంటే డాక్టరు రాసిన మాత్రను రోజూ పరగడుపున వేయించండి. లోటు తీరుతుంది.

థైరాయిడ్ జబ్బుకు రేడియో అయోడిన్ మందు తీసుకున్నవారు డాక్టరు చెప్పినన్ని రోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. ఇది వెలివేయడం కాదు, వారిని కాపాడటమే.