పాత గోడకు కొత్త తొడుగు – తేమ సమస్య

గోడ పని వానను అడ్డుకొనుట మాత్రమే కాదు; లోనికి చేరిన తేమను వెలుపలికి పంపుట గూడ. ఈ రెండవ పనిని మరచుట వలననే పాత ఇండ్లకు చేయు మరమ్మతులు పెక్కు వ్యర్థమగుచున్నవి.

పెద్దాపురం వంటి పాత పట్టణములలో గానుగ సున్నముతో కట్టిన గోడలు, టేకు దూలములు గల పెంకుటిండ్లు నేటికిని కలవు. జూన్ మొదలు నైరృతి ఋతుపవనము, అక్టోబరు నుండి ఈశాన్య ఋతుపవనము, నడుమ తుపానులు వచ్చుటచే ఈ గోడలు ఏడాదిలో సగము కాలము తడియుచు, ఆరుచు ఉండును.

సున్నపు పూత సూక్ష్మరంధ్రములు గలది. పునాది నుండి పైకి ఎక్కిన చెమ్మ దాని గుండా ఆవిరియై పోవును. దానిపై సిమెంటు పూసినచో గోడ కొన్నాళ్లు నున్నగా కనిపించును. కాని దట్టమైన ఆ పొర చెమ్మను లోననే బంధించును. అది మరింత పైకి ప్రాకి, ఉప్పును వెంటగొనిపోయి పెచ్చులను ఊడగొట్టును. దూలముల కొనలను, ద్వారబంధముల కాళ్లను కుళ్లబెట్టును.

పాత బల్లల గోడపై రేకులు గాని ప్లాస్టిక్ పలకలు గాని ఆనించి బిగించినను ఫలితమిదియే. ఒక కిలో పొడి కొయ్యలో నీరు 200 గ్రాములకు, అనగా 20 శాతమునకు మించనంత వరకు అది సాధారణముగా కుళ్లదు. ఆరుటకు దారి లేనప్పుడు తేమ ఆ హద్దు దాటును, శిలీంధ్రములు పెరుగును.

ఈ పొరపాటు మనకే పరిమితము కాదు. కెనడాలోని వాంకూవరు ప్రాంతమున 1980 దశాబ్దము నుండి కట్టిన చెక్క చట్రపు భవనములలో వేలాది ఇండ్లు ఇట్లే లోలోన కుళ్లినవి. వెలుపలి పూత వాననంతటిని ఆపునని నమ్మి, వెనుక ఆరుటకు త్రోవ విడువకపోవుట ఇందుకొక ముఖ్య కారణము. 1998లో డేవ్ బారెట్ అధ్యక్షతన ప్రభుత్వము విచారణ జరిపించినది. పిమ్మట తొడుగు వెనుక గాలి సందు విడుచుట అచటి నిబంధనలలో చేరినది.

కావున తొడుగు వేయుటకు ముందు చూరు, పెంకులు, గొట్టములు సరిచేసి, గోడమూలమున నీరు నిలువకుండ చేయవలెను. కుళ్లిన కొయ్యను తొలగించి, మిగిలినదానిని ఆరనీయవలెను. పిదప నిలువు బద్దలు కొట్టి, వానిపై పలకలు బిగించి, క్రిందను పైనను గాలి ఆడు సందు ఉంచవలెను. పురుగులు దూరకుండ సందుకు సన్నని వల వేయవలెను. సున్నపు గోడకైనచో సున్నపు పూతయే తగినది.

తేమ ఎచటినుండి వచ్చుచున్నదో తెలియుటకు సులభమైన పరీక్ష కలదు. గోడపై అడుగు చదరపు పాలిథిన్ కాగితమును నాలుగంచులు మూసి అతికించి, రెండు దినములు ఉంచుడు. నీటి బిందువులు గోడవైపు కనిపించినచో తేమ గోడలోనిది. గదివైపు కనిపించినచో గాలిలోనిది.

రోగమును కప్పిపుచ్చుట చికిత్స కాదు. గోడకు ముందు ఆరోగ్యము, ఆ తరువాతనే అలంకారము.