డ్రైవరు కునుకు, మీ గుండెదడ

ప్రశ్న: నా వయసు 34. మేం విజయవాడలో ఉంటాం, మా కంపెనీ హెడ్డాఫీసు హైదరాబాదులో. మీటింగు ఉన్నప్పుడల్లా తెల్లవారుజామున 3 గంటలకు ఆఫీసువాళ్లు మాట్లాడిన కారెక్కాలి. డ్రైవరు మంచివాడే. కానీ ముందు రాత్రి ఏ పెళ్లి ట్రిప్పో, గన్నవరం ఎయిర్‌పోర్టు ట్రిప్పో ముగించుకుని నేరుగా మా ఇంటికొస్తాడు. నందిగామ దాటేసరికి ఆవలింతలు మొదలు. ఒకసారి కోదాడ దగ్గర కారు డివైడరు వైపు లాగేసింది, నేను గట్టిగా అరిచాను. అప్పటినుంచి ప్రయాణం ఉందంటే చాలు, ముందురోజు సాయంత్రం నుంచే గుండెదడ, కడుపులో తిప్పడం, మాటిమాటికీ బాత్రూముకి పరుగు. రాత్రి కన్ను మూతపడదు. కార్లో బ్రేకు నా కాలికిందే ఉన్నట్టు బిగబట్టి తొక్కుతూ కూర్చుంటాను. మావారేమో "అందరూ వెళ్లడం లేదా, నీకొక్కదానికేనా ఈ భయం?" అంటారు. మందుల షాపులో అడిగితే ఆల్ప్రజోలం ఇచ్చారు. వాడవచ్చా? నాది గుండె జబ్బా, మానసిక జబ్బా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ఈ జవాబు ముందు మీవారి చేత చదివించండి. మీ భయంలో ఎక్కువ భాగం జబ్బు కాదు, సరైన అంచనా. రాత్రంతా బండి నడిపిన మనిషి పక్కన కూర్చుని నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తేనే నాకు ఆశ్చర్యం.

మన శరీరంలోని గడియారం తెల్లవారుజామున 2 నుంచి 6 దాకా నిద్రకే కేటాయించి ఉంటుంది. ఆ వేళల్లో ఒంటి వేడి తగ్గుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. దానికి ముందురోజు నిద్ర బాకీ కూడా తోడైతే మెదడు మనల్ని అడక్కుండానే కొన్ని క్షణాలు ఆగిపోతుంది. కళ్లు తెరిచే ఉండవచ్చు, చూపు మాత్రం ఉండదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కునుకు పడితే వంద మీటర్లు నడిపేవాడు లేని కారు అది. "ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొన్న కారు" అన్న వార్త పేపర్లో కనబడినప్పుడు అది ఏ వేళ జరిగిందో ఒకసారి చూడండి.

ఇంకో లెక్క. ఏకబిగిన 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషితో సమానంగా పడిపోతుందని పరీక్షల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. తాగిన డ్రైవరు కారులో మిమ్మల్ని పంపడానికి మీవారు ఒప్పుకుంటారా? నిద్రలేని డ్రైవరును పట్టుకునే గొట్టం పోలీసుల దగ్గర లేదు కాబట్టి ఆ పని మీరే చేయాలి.

ఎలాగంటే, "నిద్రొస్తోందా?" అని అడగకండి. ఏ డ్రైవరూ అవునని చెప్పడు, చెబితే బాడుగ పోతుంది. "అన్నా, రాత్రి ఎక్కడిదాకా వెళ్లొచ్చావు? ఎన్ని గంటలకు పడుకున్నావు, ఎన్నింటికి లేచావు?" అనండి. ఐదు గంటలకు తక్కువ పడుకున్నాడని తేలితే కారెక్కకండి. నా మాటగా ఆఫీసుకు చెప్పండి. దారిలో ఆవలింతలు, రెప్పలు బరువెక్కడం, వేగం పెరిగి తగ్గడం, లైను దాటడం, చెప్పిన మాట మళ్లీ చెప్పించుకోవడం కనబడితే టోల్ ప్లాజా దగ్గరో, లైట్లున్న పెట్రోలు బంకులోనో కారు ఆపించండి. రోడ్డు అంచున మాత్రం వద్దు. అద్దాలు దించడం, పాటలు పెంచడం, ముఖం కడుక్కోవడం, గుట్కా... వీటి బలం కొద్ది నిమిషాలే. గట్టి కాఫీ తాగించి వెంటనే పావుగంట, ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి. కాఫీ పనిచేయడానికి దాదాపు అరగంట పడుతుంది, ఆలోగా కునుకూ పూర్తవుతుంది. లేచాక ఐదు పది నిమిషాలు అటూఇటూ నడిచి, మత్తు దిగాకే స్టీరింగు పట్టాలి. ఇదంతా ఓ గంటకు ఆసరా, అంతే. పోయిన రాత్రి నిద్రను ఏ కాఫీ తిరిగి ఇవ్వదు.

వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. 2022లో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించిన ప్రమాదంలో ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారు.

ఆ డ్రైవరు మీద కోపం వద్దు. డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని ఉండకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. ట్రిప్పుకింత అని ఇచ్చే చోట ఆ లెక్క ఎవరు చూశారు? అందుకే ఆఫీసుకు నోటితో కాదు, మెయిల్ పెట్టండి: ముందు రాత్రి డ్యూటీ చేసిన డ్రైవరును పంపవద్దని, లేదంటే ముందురోజు సాయంత్రమే వెళ్లి హైదరాబాదులో బస చేస్తానని. రాతపూర్వకంగా వచ్చిన మాటను పక్కన పెట్టడానికి ఏ మేనేజరైనా జంకుతాడు. తెల్లవారాకే బయల్దేరతాననీ రాయవచ్చు. పది గంటలకు పెట్టిన మీటింగు పన్నెండుకు జరిగితే మునిగిపోయిన కంపెనీని నేనైతే చూడలేదు.

ఇక మీ ఒంటి సంగతి. ప్రయాణం ముందు మాత్రమే దడ వచ్చి, హైదరాబాదులో దిగగానే తగ్గిపోతే అది గుండె జబ్బు కాకపోవచ్చు. అయినా ఒక ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, నొప్పి దవడకో చేతికో పాకడం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దు.

ఆల్ప్రజోలం వద్దు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, త్వరగా అలవాటవుతుంది. పైగా కారులో మెలకువగా ఉన్నది మీరొక్కరే, మీకూ మత్తిస్తే ఇక రోడ్డు చూసేదెవరు? ఇప్పటికే రోజూ వాడుతుంటే ఉన్నట్టుండి మానేయకండి, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి. దడ మొదలైనప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు.

బాగా నిద్రపోయిన డ్రైవరుతో పట్టపగలు వెళ్లినా, రైలెక్కినా ఇదే దడ వస్తోందా? అప్పుడు కోదాడ దగ్గరి ఆ క్షణం మీ మనసులో దిగబడిపోయిందని అర్థం. దానికి కౌన్సెలింగు ఉంది, బాగా పనిచేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా ఆయన వయసు 46, ట్రావెల్స్ కారు నడుపుతారు. రాత్రిళ్లు ఇల్లు అదిరేలా గురక. మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తారు. పగలు అన్నం ముందు కూర్చుని కునుకు తీస్తారు. బీపీ ఉంది. జలుబు చేస్తే ఏదో మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్లిపోతారు. నాకు భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రాసినదంతా స్లీప్ ఆప్నియా అనే జబ్బు లక్షణాలే. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి పదేపదే ఆగుతుంది. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర తీరదు, బీపీ ఓ పట్టాన అదుపులోకి రాదు. డ్రైవరుకు ఈ జబ్బుంటే అది ఆ ఒక్క ఇంటి సమస్య కాదు. ఊపిరితిత్తుల డాక్టరునో, ఈఎన్టీ డాక్టరునో కలిస్తే స్లీప్ స్టడీ చేయిస్తారు. జబ్బు తేలితే రాత్రిపూట, గొంతు మూసుకుపోకుండా గాలి పంపే సీపాప్ మిషన్ పెట్టుకోమంటారు. మొదట్లో విసుక్కుంటారు, అలవాటైతే పగటి మగత తగ్గుతుంది. బరువు తగ్గాలి, పడుకునే ముందు మద్యం అలవాటుంటే మానాలి. వైద్యం మొదలై మగత పోయేదాకా రాత్రి ట్రిప్పులు ఒప్పుకోవద్దు.

జలుబు మాత్రల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, అది మత్తిస్తుంది. "నేను డ్రైవరును" అని చెప్పి మత్తు లేని మందు రాయించుకోమనండి.

డాక్టరు దగ్గరికి మీరూ వెంట వెళ్లండి. తన గురక సంగతి మీవారికి తెలియదు, చెప్పినా నమ్మరు. ఓ రాత్రి ఫోన్లో రెండు నిమిషాలు రికార్డు చేసి పట్టుకెళితే డాక్టరు పని సగం అయిపోతుంది.