తరగతి గదిలో పండుగలు

ఆంధ్రమహావిష్ణువు ఆలయముతో ప్రసిద్ధమైన కృష్ణాతీరపు శ్రీకాకుళం వంటి గ్రామములందు ఉగాది పచ్చడి ఎరుగని బాలుడుండడు. అయినను ప్రాథమిక పాఠశాలలో పండుగ జరుపుట పచ్చడి పంచుటతో తీరునది కాదు.

2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ 31న వచ్చినవి. ఉగాది ఆదివారమగుటచే బడిలో వేడుక ముందుగా జరుపవలసినదే. అప్పటికి రోజాలు ముగియలేదు. పసివారికి ఉపవాసము విధి కాదు, కాని పెద్దలను చూచి ఉబలాటముతో ఉండువారు కలరు. అట్టి బాలికను పచ్చడి తినుమని బలవంతపెట్టరాదు. ఆమె వంతు ఇఫ్తారు వేళకు ఇంటికి పంపవచ్చును.

పాఠము మాత్రము అందరికీ ఒక్కటే, అది చంద్రుడు. హిజ్రీ సంవత్సరము సుమారు 354 దినములు. కావున రంజాన్ ఏటేటా పది, పదకొండు దినములు ముందుగా వచ్చును. తెలుగు పంచాంగము అధికమాసము చేర్చుకొనుటచే ఉగాది వసంతమును విడువదు. ఈ లెక్కను పిల్లలచేతనే నల్లబల్లపై వేయింపవలెను.